బస్తాకు చెవి ఆనించే చిన్నాన్న

మా చిన్నాన్న ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని పలకరించడు. గింజల బస్తా ఎక్కడుందో చూసుకుని, దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనిస్తాడు. కాసేపటికి కళ్లు తెరిచి, వైద్యుడు చేదు కబురు చెప్పినట్టు, "తింటున్నాయి" అంటాడు. ముక్కపురుగులు గింజను తొలిచే చప్పుడు తనకు వినిపిస్తుందని ఆయన నమ్మకం. ఒకసారి పరామర్శకు వెళ్లిన ఇంట్లో, ఏడుస్తున్నవాళ్లను, బస్తా సరిగా వినపడటం లేదు, కాస్త ఆగమన్నాడు.

ఆ తర్వాత ఉపన్యాసం. గాలి చొరబడని సంచిలో పోసి మూతి మెలితిప్పి కడితే పురుగు ఊపిరాడక చస్తుందని, మందు కలపక్కర్లేదని. గోనెసంచి ఉండగా అదెందుకని అందరూ నవ్వేవారు.

పిన్ని పోయాక ఆయన ఒక్కడే. వంటింట్లో ఒక కంచం, ఒక గ్లాసు, గోడవార ఆ సంచులు. మీ సంచులేమంటున్నాయని ఒకరోజు అడిగాను.

"ఏమంటాయి? మా ఇంట్లో పురుగు కూడా మాట్లాడదురా."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

పక్కింటి అత్త అరెకరం ఒంటరిగా సాగుచేసుకునేది. విత్తనానికి దాచుకున్న మొక్కజొన్న బస్తాకు చిన్నాన్న చెవి పెట్టబోతే, పనిలేని చెవికి మా బస్తాయే దొరికిందా అని కసిరి పంపేసింది. తొలివాన పడ్డాక విప్పి చూస్తే గింజ గింజకూ బొక్క. పట్టుకుంటే పిండి రాలింది. లోపలికెళ్లి తలుపేసుకుంది.

నే చెప్పలేదా అంటూ ఊరేగుతాడు, ఇక చిన్నాన్నను పట్టలేం అనుకున్నాను. ఆయనేమో తన విత్తనపు సంచి ఒకటి నా చేత మోయించి ఆమె గుమ్మంలో దింపించాడు.

"చెల్లెమ్మా, నాకు చెవి మందగించింది. ఇందులో ఏదో చప్పుడు, ఉందో లేదో తెలియడం లేదు. విత్తి చూస్తేగాని తేలదు. నా నడుము వంగదు, నువ్వే విత్తి చెప్పు."

నిన్నటిదాకా కనబడ్డ ప్రతి బస్తా ముందూ వంగిన నడుమది. ఇక ఆ చెవిని ఎవరైనా చిన్నమాట అంటే ఊరుకునే మనిషి కాదు. అత్త ఆయన్ను, సంచిని మార్చి మార్చి చూసింది. తనూ వంగి చెవి ఆనించింది.

"ఏదో ఉన్నట్టే ఉందన్నయ్యా. ఇక్కడే వదిలెయ్," అంది.

ఒక్క గింజ పొల్లుపోకుండా మొలిచింది. కోతలయ్యాక అత్త తనే ఆ సంచులు కొనుక్కొచ్చి, మూతి కట్టడానికి ఇద్దరు కావాలట కదా, రమ్మని కబురు పెట్టింది. చిన్నాన్న ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. భోజనం కూడా అక్కడే చేసి వచ్చాడు. ఏటా అదే వరస.

నిజానికి ఆ మూతి కట్టడానికి ఒక్కరు చాలు. ఆ మాట ఆయన ఇప్పటికీ ఆమెకు చెప్పలేదు.