ఇంజన్ చెప్పిన మాట

బానెట్ ఎత్తగానే, మా కొండ ఊళ్లో అందరూ పెద్దరికానికి ‘దా’ అని పిలిచే అక్లి చేతులు టర్బో గొట్టాన్ని నాడి చూసినట్టు తడిమేవి. తర్వాత పలకరింపు. కారు యజమానిని కాదు, ఇంజన్‌ని.

"ఎవరమ్మా నిన్నిలా చేసింది?"

మెకానిక్‌గా ఆయనకున్న అలవాటు అదొక్కటే. మనుషులకు ఏం చెప్పాలన్నా ఇంజన్ చెప్పినట్టే చెప్పేవాడు. నవ్వేవాడు కాదు. పక్క షెడ్డులో వెల్డింగు చేసుకునే నేనే నవ్వు దాచుకోవడానికి మొహం తిప్పుకునేవాణ్ణి.

ఓసారి బడి పంతులు వచ్చాడు. దా అక్లి ఇంజన్ మీద చెవి పెట్టి, గొంతు తగ్గించి, "మాస్టారూ, మీరు కొండ కూడా నాలుగో గేరులోనే ఎక్కుతారట. పదిమందిలో చెప్పడానికి సిగ్గుపడుతోంది" అన్నాడు.

ఆ చలికాలం లౌనిస్ తన పాత టర్బో డీజిలు టాక్సీ తెచ్చాడు. భార్య తాసాదిత్‌కు కిడ్నీలు పాడయ్యాయి. రక్తం శుద్ధి చేయించాలంటే కనుమ దాటి ఆసుపత్రికి వెళ్లాలి. టాక్సీ నల్లగా పొగ కక్కుతూ, డీజిలంతా తాగేసి, మంచులో సగం ఎత్తులో ఆగిపోతోంది. ఇరుగుపొరుగు తమ కార్లు ఇస్తామన్నారు. లౌనిస్ ఒప్పుకోలేదు. ఎవరైనా ఒక అంజూరపండు ఇస్తే రెండు తిరిగిచ్చే మనిషి.

దా అక్లి పగిలిన గొట్టం మార్చాడు. మసి గీకాడు, పంపు సరిచేశాడు. సైలెన్సర్ గొట్టం నేను వెడల్పు చేశాను. అయినా ఆయన తల అడ్డంగా ఊపాడు.

"టర్బో లోపలికి నెట్టే గాలి సెగలా ఉందట. చల్లటి గాలి ఇస్తే తక్కువ తాగి ఎక్కువ లాగుతానంటోంది."

గాలిని చల్లబరిచే చిన్న రేడియేటరు కావాలి. ఆ పాత మోడల్‌కు బజారులో దొరకదు.

"రేపు రమ్మంటోంది" అన్నాడు దా అక్లి.

మర్నాడు లౌనిస్ వచ్చేసరికి కారు ముందు భాగంలో రేడియేటరు బిగించి ఉంది.

"ఇదెక్కడిది దా అక్లీ? దానాలు నాకొద్దు."

దా అక్లి ఇంజన్ వైపు వంగి విన్నాడు. "మొదట్నుంచీ లోపలే ఉందట. మసిలో కనబడలేదట."

లౌనిస్ నా వైపు చూశాడు.

"మసి మామూలుగా లేదు మరి" అన్నాను.

అతని చూపు బయటున్న దా అక్లి పాత టర్బో వ్యాను మీదికి వెళ్లింది. ముందు జాలీ వెనక రేడియేటరు ఉండాల్సిన చోటు ఖాళీ. తనూ ఇంజన్ మీదికి వంగాడు.

"ఆయనకు చెప్పు తల్లీ... తాసాదిత్ దీవిస్తుందని."

"విన్నాడని చెప్పు" అని దా అక్లి తాళాలు ఇంజన్ మీద పెట్టాడు. లౌనిస్ తీసుకున్నాడు.

తాసాదిత్‌ను ఎక్కించుకుని టాక్సీ కనుమ ఎక్కింది. కిందినుంచి చూశాం. మలుపుల్లో ఎక్కడా పొగ లేదు.

సాయంత్రం దా అక్లి వ్యాను మా సందు ఎత్తు కూడా ఎక్కలేక, నల్లటి పొగ కక్కుతూ మూలిగింది.

"ఏమంటోంది దా?" అని అడిగాను.

"చిన్నవాడివి. అలాంటి మాటలు నువ్వు వినకూడదు" అన్నాడు గంభీరంగా.