చిన్నప్ప గీసిన మంట

చిన్నప్ప చేతికి వచ్చిన మొహం ఒక్కటే. ఉరిమి చూసే గుడ్లు, మెలితిరిగిన మీసం, పొడుచుకొచ్చిన కోరలు. సర్జాపుర దారిలో సగం కట్టిన ఇళ్ళమీద వేలాడే దిష్టిబొమ్మల్లో చాలామటుకు ఆయనవే. ఒకప్పుడు అంగళ్ళకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సులు వచ్చాక దిష్టిబొమ్మలే కూడు పెట్టాయి.

ఆమధ్య సరిహద్దులో యుద్ధం మొదలైనప్పుడు మా వార్డులోనూ రక్షణ కసరత్తు చేయాలన్నారు. శత్రువు బాంబు వేస్తే తెల్లదొరల నాటి మునిసిపల్ భవనం అంటుకుంటుందట, వలంటీర్లు ఆర్పాలట. పాత కట్టడం కాబట్టి దాని దగ్గర అగ్గిపుల్ల కూడా గీయకూడదు. అందుకని వలంటీర్ల నాయకుడు అమరనాథ్ ఉపాయం చెప్పాడు. భవనం తగలబడుతున్నట్టు పెద్ద గుడ్డమీద గీయించి గేటుకు కట్టాలి. భవనం ఆయిల్ పెయింటుతో, మంటలు నీళ్ళకు పోయే పొడి రంగుతో. పైపు పెట్టి కొడితే మంటలు కారిపోయి భవనం మిగులుతుంది. ఇంత తెలివైనవాణ్ణి బ్యాంకువాళ్ళు ఎలా రిటైర్ చేశారో నాకు అర్థం కాలేదు.

చిన్నప్ప ఒప్పుకున్నాడు. కాలేజీ మానేసి ఖాళీగా ఉన్నాను గనక రోజూ పోయి చూసేవాణ్ణి. భవనాన్ని ఒక పూటలో అయిందనిపించాడు. మంటల దగ్గరే నిలిచిపోయాడు. గడియారపు గోపురం కిటికీలోంచి పసుపు, అంచున నారింజ, పైన నల్లని పొగ. బోర్డుల కాలం పోయాక కోరలు లేనిదేదో గీయడం ఇదే మొదలు. అన్నం తెచ్చిన ఆయన భార్య సరోజమ్మ, వేడి తగిలినట్టు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంతే, మనిషి చెడిపోయాడు.

“దీన్ని నీళ్ళపాలు చెయ్యల్లంటే నా చేత కాదే,” అన్నాడు. పొడి రంగుతో వేసిన మంటల్ని మళ్ళీ ఆయిల్ పెయింటుతో వేసేశాడు.

కసరత్తు రోజు సైరన్ మోగింది. పైపు పెట్టి కొట్టారు. మంట ఆరలేదు. ట్యాంకరు ఖాళీ అయితే ఇంకోటి తెప్పించారు. కడిగేకొద్దీ మంట నిగనిగలాడింది. అది ఆరితేగాని సైరన్ ఆపకూడదని అమరనాథ్ పెట్టిన నియమం. గాయపడినట్టు స్ట్రెచర్ మీద పడుకున్న పాపక్క, పొయ్యిమీద పాలున్నాయి, తను చచ్చిపోయినట్టు రాసుకోమని లేచి ఇంటికి పోయింది.

చివరికి అమరనాథ్ కళ్ళద్దాలమీద పడిన నీళ్ళు తుడుచుకుని, నిచ్చెన వేయించి, చిన్నప్ప చేతికి తెల్లరంగు డబ్బా ఇచ్చాడు.

“నువ్వే ఆర్పప్పా. పూసెయ్.”

చిన్నప్ప ఎక్కాడు. డబ్బా మూత తీయలేదు. చాలాసేపు మంటకేసి చూసి, కండువాతో తడి తుడిచి, కింద ఖాళీ చోట తన నల్లరంగుతో పైపు పట్టుకున్న మనిషిని గీశాడు. హెల్మెట్టు, కళ్ళద్దాలు. ఆ చేతికి వచ్చింది ఒకే మొహం గదా. అద్దాల వెనక గుడ్లు ఉరిమాయి, మీసం మెలితిరిగింది, కోరలు రాబోయి ఆగాయి.

“ఇది నేనా?” అన్నాడు అమరనాథ్.

“నువ్వేనప్పా. ఆర్పతా ఉండావు.”

అమరనాథ్ దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసుకున్నాడు. సైరన్ ఆపించి, మంట అదుపులోకి వచ్చిందని మైకులో చెప్పాడు.

ఇప్పుడా బొమ్మ వలంటీర్ల గదిలో గోడంతా ఆక్రమించింది. అందులో అమరనాథ్ ఉన్నప్పుడు తామెందుకు లేమని తక్కినవాళ్ళు వరస కట్టారు. పాపక్క కూడా కోరలతో స్ట్రెచర్ ఎక్కింది. చిన్నప్ప కాదనలేక ఒక్కొక్కరినే చేరుస్తుంటే, ట్యాంకర్లకు లొంగని మంటలు మొహాల కింద ఆరిపోతూ వచ్చాయి. గోపురం కిటికీలో ఒక్కటి మిగిలింది. మొన్న ఎవరో పెద్దమనిషి బామ్మర్ది వచ్చి ఆ చోటు తనకిమ్మన్నాడు.

“ఆడ ఎవుర్నీ గియ్యను సామీ,” అన్నాడు చిన్నప్ప. “ఆడ కాలతా ఉండాది.”