బెంగళూరులో ఊరికే ఉండిన అత్త

బడిలో ప్రార్థన ముగిసి పిల్లలు తరగతుల్లోకి వెళ్తుంటే మా ఊరి టైలరక్క ఫోన్ చేసింది. "పోయినాది పాపా మీ అత్త. తెల్లారేసరికి లేదు" అని పెట్టేసింది.

ఆమె నాకు చుట్టరికానికి అత్త కాదు. బలసముద్రంలో మా పక్కిల్లు. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఆ గోడ అవతల ఆమె ఏదో ఒకటి జరుపుతూ, దులుపుతూ, తిరుగుతూ ఉండే చప్పుడు వింటూ పెరిగాను. ఆ రోజు నాకు పాఠం చెప్పడం చేతకాలేదు. వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే తోటి టీచరు "కూర్చోండి మేడం" అంది. కూర్చోలేకపోయాను.

అత్తకు భర్త చిన్న వయసులోనే పోయాడు. ఒక్కతే కూతురు, పెళ్ళయి వెళ్ళిపోయింది. శెనక్కాయ చేను అత్తే చూసుకునేది. తొంభైల మొదట్లో వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళలో ఒక ఏడు, విత్తనాలు ఒలిచిపెట్టుకుని జనమంతా ఆకాశం కేసి చూస్తున్నప్పుడు, ఆమె మా ఇంటికి వచ్చి నిలబడే చెప్పింది. "నేను బెంగళూరు పోతాండా. కొన్నాళ్ళు ఆడ ఉండొస్తా. పాపను నాతో పంపండి."

నేనప్పుడు టీచరు ట్రైనింగు ముగించి ఉద్యోగం ఆర్డరు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. టైలరక్క భర్త లారీ మీద పోతే నెలలకు గానీ రాడు. ముగ్గురికీ వయసు తేడా ఉన్నా, సాయంత్రాలు ఒకచోట చేరకపోతే మాకు పొద్దు పోయేది కాదు.

మా ఊరి నుంచి బెంగళూరు పోయేవాళ్ళకు అప్పట్లో రెండే కారణాలు, కూలి లేదా ఆసుపత్రి. తనూ వస్తానన్న టైలరక్క భయపడింది. "కండ్లు చూపించుకునేదానికి పోతాండామని చెప్పక్కా. ఊళ్ళో నోర్లు ఊరికే ఉండవు."

"నా కండ్లు బాగానే ఉండాయి. చూసేదానికే పోతాండా" అంది అత్త.

గారె పనికి, అంటే గోడల పూత పనికి, వెళ్ళి అక్కడే స్థిరపడిన మా ఊరాయన ఒకాయన యశవంతపురంలో ఒక వఠారంలో గది ఇప్పించాడు. రాగిపిండి మూట, శెనక్కాయల సంచి, చింతపండు మోసుకుపోయాం. మొదటి వారం అందరిలాగే విధానసౌధ, లాల్‌బాగ్ తిరిగాం. వారం కాగానే అత్తకు విసుగు పుట్టింది. "చూసేవాళ్ళు చూసి పోతారు. ఉండేవాళ్ళకే ఊరు తెలిసేది" అని, ఆ మరుసటి రోజు నుంచి మమ్మల్ని బెంగళూరు వాళ్ళను చేసే పని పెట్టుకుంది.

కొళాయి దగ్గర బిందె వరస తప్పించిన అరవావిడతో కన్నడంలో పోట్లాడి, పదిరోజులు తిరిగేలోపు ఆమె దగ్గరే అరవం మాటలు నేర్చుకుంది. పాలబ్బాయి, పూలామె, కొత్తిమీర బండి ఆయన, అందరూ ఆమెను "ఐదో రూమామె" అనేవాళ్ళు. ఇంటి ఓనరమ్మ మిషను మీద టైలరక్క చీరలకు ఫాల్స్ కుట్టేది. సందు చివరి హోటల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నా అత్త కాఫీ నిలబడే తాగేది.

మధ్యాహ్నాలు ఆమె కాలు గదిలో నిలిచేది కాదు. కనిపించిన సిటీ బస్సు ఎక్కేది, చివరి స్టాపు దాకా. "ఇది యాడికి పోతాదత్తా?" అని నేనడిగితే, "యాడికో ఒక తావుకు పోతాది గదా, ఎక్కు" అనేది. జీవితంలో నేను తటపటాయించిన ప్రతిచోటా ఆ మాటే వెనక నుంచి నన్ను తోసింది.

అలా ఒకరోజు దిగిన చోట ఊరు అయిపోయి చేలు మొదలయ్యాయి. రాగి పైరు మోకాలెత్తు, పచ్చగా. అత్త గట్టు మీద వంగి మట్టి పిడికిట్లోకి తీసుకుని నలిపింది. తడిగా ఉంది. "ఈడ పడిండాది వాన" అంది. "మన తట్టు దోవ తెలీదేమో దానికి." తిరుగు బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు.

కొన్నాళ్ళకు గారె పని ఆయన ఊరికి వెళ్ళొచ్చి, మన తట్టు వాన పడి విత్తేదానికి మంచి పదనైందని చెప్పాడు. మేమిద్దరం ఆ పూటే సంచులు సర్దాం. అత్త చాప మీద చీర మడత పెడుతూ, మళ్ళీ విప్పుతూ ఉండిపోయింది.

"మీరు పోండి. నేను రాను."

"చేనత్తా?"

"మా మరిదిని ఇత్తుకోమని చెప్పు, ఈ యేటికి."

బస్టాండుకు వచ్చి మమ్మల్ని ఎక్కించింది. బస్సు కదిలేదాకా కూడా ఆగలేదు. జనంలో చకచకా నడుస్తూ పోయింది. టైలరక్క ఏడ్చింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

ఊళ్ళో ఆమె మరిది మా వాకిట్లోకి వచ్చి అడిగాడు. "ఆడ ఎవురుండారు పాపా, నిజం చెప్పు." ఎవరూ లేరన్నాను. ఆయన నమ్మలేదు. ఎవరూ నమ్మలేదు. ఆడమనిషి ఒక ఊళ్ళో ఊరికే ఉంటుందంటే ఎట్లా నమ్ముతారు? మీరైనా ఒక క్షణం తటపటాయిస్తారు.

ఆ పదను తర్వాత మళ్ళీ చినుకు లేదు. కాయ ఊరలేదు. దీపావళి దాటాక ఒక మధ్యాహ్నం అత్త బస్సు దిగి వచ్చింది. మరిది వీధిలోనే ఆపాడు. "ఏం పని మీద ఉంటివి అన్ని నాళ్ళు? అది చెప్పి చేనులో కాలు పెట్టు."

వాకిళ్ళ నిండా జనం. ఆసుపత్రి అని ఒక్క మాట అంటే అయిపోయేది. అత్త సంచి మా అరుగు మీద పెట్టింది.

"పనేం లేదప్పా. ఊరికే ఉంటి."

అంతే చెప్పి, ఆ వచ్చిన చీరతోనే చేనుకు నడిచింది. వాడిపోయిన శెనక్కాయ చెట్లు పీకి, పశువుల మేతకు కట్టలు కట్టడం మొదలుపెట్టింది. టైలరక్క మిషను మీద బట్ట అట్లాగే వదిలేసి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. మేం ముగ్గురం వరస పట్టి పీకుతుంటే మరిది గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. ఆఖరికి, "ఆ మూల బండలుండాయి, చూసుకోండి" అని వెళ్ళిపోయాడు. చేను సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఊరు మాత్రం ఇంకో రెండేళ్ళు గుసగుసలాడింది. ఆమె పట్టించుకోలేదు.

ఉద్యోగంలో చేరే ముందు నేనడిగాను, ఎందుకుండిపోయావని.

"ఈడ నేను ఫలానా వాళ్ళ పెండ్లాం, ఫలానా వాళ్ళ వదినె. ఆడ ఐదో రూమామెను. అది బాగుండె పాపా."

"మరి ఎందుకొచ్చేసినావు?"

"అదీ పాతబడె" అని నవ్వి, చేట అందుకుని అవతలికి పోయింది.

తర్వాత ఆమె చేను సోలారు పలకల కిందికి పోయింది. కౌలు ఇంటికే వస్తుంటే కూర్చుని తినమన్నారు అందరూ. ఆమె ఏ రోజూ అలా కూర్చున్నట్టు నేను చూడలేదు.

బడికి సెలవు చెప్పి నేను చేరేసరికి అంతా అయిపోయింది. చివరి రెండు నెలలు లేవలేకపోయిందట. చూసుకునేందుకు వచ్చి ఉన్న కూతురు చెప్పింది. "దినానికొక తావుకు మంచం మార్పించేది పాపా. పొద్దున వేపచెట్టు తట్టు, సాయంత్రం వీధి తట్టు. మోయలేక సచ్చిపోతిమి." అంటూనే చీపురు తీసుకుంది. అలికిన వాకిలి నిండా మంచం కోళ్ళు దిగిన గుంతలు, నాలుగు ఇక్కడ, నాలుగు అక్కడ, గోడ దగ్గర, గడప దగ్గర, వీధిలోకి కూడా. కూతురు ఒక్కదాన్నీ చెరపకుండా, వాటి చుట్టూ వంగి వంగి ఊడుస్తోంది.