గ్యాలరీలో మరగొంతు

ఆవిడ మామూలుగా మాట్లాడినా ఏం గొడవ జరుగుతోందోనని పక్కింటివాళ్లు తలుపు తీసి చూసేవారు. గొడవేమీ ఉండదు. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టారని మొగుణ్ణి అడుగుతూ ఉంటుంది, అంతే. బట్టల మిల్లులో మరమగ్గాల మధ్య సగం జీవితం గడిపిన మనిషికి గొంతు తగ్గించడం చేతకాదు. తోటివాళ్లు మరగొంతు అని పేరు పెట్టారు. మగ్గాలు ఆడుతున్నప్పుడు ఎదురుగానే అనేవారు, ఎలాగూ వినపడదని.

నిజానికి ఆ హోరులో ఎంత గొంతున్నా చాలదు. అందుకే అక్కడి ఆడవాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. పోగు తెగితే పక్క మగ్గం మనిషి సాయానికి పరుగెత్తుకొస్తుంది. అక్కర్లేదనుకుంటే అరచెయ్యి గుండెకు ఆనించి ముందుకు నెడతారు: నా మర నేను చూసుకుంటా, నువ్వు కదలకు. షిఫ్టు మారేటప్పుడు రెండు చేతులూ ముందుకు చాచి తెరిచి చూపిస్తారు: ఇక మర నీది. గొంతు బొంగురుపోయిన రోజుల్లో ఆవిడ ఇంట్లోనూ ఈ సైగలతోనే నెట్టుకొచ్చేది. కూతురికి మాటలకన్నా ముందు అవే వచ్చాయి.

ఆ కూతురు కుస్తీలో చేరింది. “చెవులు చితికిపోతాయే, నా మాట వినవే” అని నెత్తీ నోరూ కొట్టుకున్న తల్లి, మొదటి పోటీ చూశాక గ్యాలరీలో ఖాయంగా ఒక సీటు పట్టేసింది. కుస్తీ పట్టుల పేర్లు ఒక్కటీ రావు. అయినా అవతలి పిల్ల అడుగు కాస్త తేలితే చాలు, “ఎడంకాలు లాగవే!” అని హాలంతా దద్దరిల్లేది. కూతురు లాగేది. గెలిచేది కూడా. ఆ గెలుపుల్లో సగం తనవేనని ఆవిడ లోలోపల మురిసిపోయేది. పైకి అనేది కాదుగానీ, ఆ సంగతి మొగుడికి తెలుసు.

ఆ రోజు ఫైనలు. గెలిచిన పిల్లకే దేశం జట్టు శిక్షణ శిబిరంలో చోటు. పొద్దున్నే హాలు మెట్ల దగ్గర కోచ్ ఆవిణ్ణి పక్కకు పిలిచాడు.

“అమ్మా, ఏమీ అనుకోకండి. ఇవాళ మీరు అరవకూడదు.”

“అదేంటి సార్?”

“మీ కేక మన అమ్మాయికి ఒక్కదానికే కాదు, ఎదుటి పిల్లకీ వినపడుతోంది. పోయినేడు సెమీఫైనల్లో మీరు ఎడంకాలు అన్నారు. ఆ పిల్ల కాలు వెనక్కి లాక్కుని, మనదాన్ని బోర్లా పడేసింది. ఇవాళ్టి పిల్ల కూడా మీ గొంతు కోసం చెవి రిక్కించుకుని ఉంటుంది.”

ఆవిడ తల వంచుకుని మెట్లెక్కింది. ఆ ఓటమికి జడ్జీలను ఏడాది పొడుగునా తిట్టిపోసింది మరి.

గ్యాలరీలో ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయింది. లేచింది, కూర్చుంది, కొంగు నోట్లో కుక్కుకుంది. మొగుడు, రాత్రి కాపలా డ్యూటీ దిగి తిన్నగా వచ్చినవాడు, మంచినీళ్ల సీసా అందించాడు.

“మింగవే. నీళ్లతో పాటు మాట కూడా లోపలికి పోతుంది.”

“మీకంతా వేళాకోళమే! నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు.”

ఆట మొదలైంది. కూతురు సరిగ్గా ఆడలేదు. పట్టు దొరికినా వెయ్యడంలేదు, ఏదో వినపడాలన్నట్టు క్షణం ఆగుతోంది. ఆ క్షణంలో అవతలి పిల్ల దూరిపోతోంది. తన కేక కోసమే ఆగుతోందని తల్లికి తెలిసిపోయింది. అరిస్తే అవతలి పిల్లకు అందుతుంది, అరవకపోతే తన పిల్ల ఓడిపోతుంది. విరామం ఇచ్చేసరికి కూతురు వెనకబడి ఉంది.

ఇక ఆగలేక ఆవిడ లేచి నిలబడింది. కోచ్ చెప్పింది గాలికి వదిలేసి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే కూతురు తలెత్తి గ్యాలరీలోకి చూసింది. చెమట తుడుచుకుంటున్న తువ్వాలు వదిలేసి, అరచెయ్యి గుండెకు ఆనించింది. ముందుకు నెట్టింది.

ఆవిడ కూలబడింది. ఆ సైగను మిల్లులో ఎంతమంది తనకు చేశారో లెక్కలేదు. ఎప్పుడూ ఇంత నొప్పి పుట్టలేదు. నేర్పింది తనే కదా అనుకుంటే ఇంకా నొప్పేసింది.

ఆట మళ్లీ మొదలైంది. కూతురిప్పుడు గ్యాలరీ వైపు చెవి పెట్టడంలేదు. చివర్లో అవతలి పిల్ల ఎడంకాలు తేలింది. కేక గొంతుదాకా వచ్చింది. ఆవిడ రెండు చేతులతో నోరు నొక్కుకుంది. కూతురు ఎడంకాలి మీదికి వంగినట్టే వంగింది. అవతలి పిల్ల ఆ కాలు చటుక్కున వెనక్కి లాక్కుంది, బరువంతా కుడికాలి మీద పడింది. కూతురు ఆ కుడికాలే అందుకుని ఎత్తి, వెల్లకిలా పడేసి, రెండు భుజాలూ నేలకు అదిమిపట్టింది. రిఫరీ మ్యాట్ మీద చెయ్యి కొట్టాడు.

హాలు హోరెత్తింది. మొగుడు ఆవిడ భుజం పట్టి కుదిపాడు.

“ఇప్పుడు అరవవే! ఇప్పుడు ఎవరొద్దంటారు?”

“రావట్లేదండీ” అంది ఆవిడ. ఆ మాట ఆయనకే సరిగా వినపడలేదు.

కింద కూతురు కళ్లతో తల్లిని వెతుకుతోంది. ఆవిడ లేచి, రెండు చేతులూ ముందుకు చాచి తెరిచి చూపించింది. పిల్ల చూసింది. నవ్వబోయి, ముఖం తువ్వాల్లో దాచుకుంది. ఆవిడ చేతులు మాత్రం అలా చాచే ఉన్నాయి. వాటిని ఇక ఏం చేసుకోవాలో ఆవిడకు తెలియలేదు.