పడలేదని రాసిన కాగితం

ఊరికే ఎవరూ మన మోకాళ్ల గురించి అడగరు. అరవై రెండేళ్లు బతికి చెబుతున్న మాట ఇది. అందుకే మా ఓనరు గారి మేనకోడలు, ఫిజియోథెరపీ చదివిన అమ్మాయి, ఒక ప్లాస్టిక్ స్టూలూ ఒక ఫైలూ పట్టుకుని కొట్లోకి వచ్చి, "యాభై అయిదు దాటినవాళ్లందరికీ సోమవారం చిన్న టెస్టులండీ. కూర్చుని లేవడం, నాలుగడుగులు నడవడం, అంతే" అనగానే నా గుండెల్లో రాయి పడింది. ముసలాళ్లని ఏరెయ్యడానికి ముహూర్తం పెట్టారనుకున్నాను.

మాది విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ చీరల కొట్టు. మూడంతస్తులు. అప్పట్లో మాకు కుర్చీలూ బల్లలూ లేవు. నేల మీద తెల్లటి పరుపులు పరిచి, వాటి మీద మఠం వేసుకుని కూర్చుని చీరలు చూపించేవాళ్లం. ఉయ్యూరు నుంచీ గుడివాడ నుంచీ వచ్చే కొట్లవాళ్లు ఎదురుగా కూర్చునేవాళ్లు. మా దగ్గర ఒక పట్టింపు ఉండేది. కొనేవాళ్లు లేచేదాకా అమ్మేవాడు లేవకూడదు. ముందు అమ్మేవాడు లేస్తే బేరం చెడుతుందని పెద్ద ఓనరు గారి కాలం నుంచీ నమ్మకం. పొద్దున పదింటికి కూర్చుంటే మళ్లీ ఒంటిగంటన్నరకి భోజనానికే లేవడం. కదిలేవి చేతులే. కాళ్లు ఉన్నాయో లేవో లేచేటప్పుడు గానీ తెలిసేది కాదు.

ఆ పట్టింపు చాటునే మా బావ తన సంగతి దాచుకున్నాడు. నిజం బావేం కాదు, ముప్పై ఏళ్లు ఒకే పరుపు మీద పక్కపక్కన కూర్చుంటే అయిన బావ. అతనికి అరవై నాలుగు. కంకిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. ఆ ఏడాది రెండుసార్లు పడ్డాడు, ఒకసారి బస్సు దిగుతూ, ఒకసారి ఇంట్లో బాత్రూంలో. పరుపు మీంచి లేచేటప్పుడు తొడలు గజగజ వణికేవి. కొనేవాళ్లు వెళ్లిపోయాక నేను చెవిలో ఏదో గుట్టు చెబుతున్నట్టు వంగేవాణ్ణి. అతను నా భుజం పట్టుకుని లేచేవాడు. కొట్లో ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. "కొట్టుకి రావడం మానేస్తే నేను మంచం పట్టేస్తాను బావా" అనేవాడు. అంత మాట అన్నాక నేనెలా ఊరుకుంటాను?

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. "కాఫీలో పంచదార తగ్గినా అందులో కుట్ర వెతుకుతారు, అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా" అని మా ఆవిడ దెప్పుతుంది. కానీ ఆ వారం జరిగినవి చూస్తే ఎవరికి మాత్రం అనుమానం రాదు? అకౌంటెంటు మా అందరి ఆధార్ కార్డుల జిరాక్సులు అడిగాడు. ఎన్నడూ లేనిది ఓనరు గారు మా పరుపు దగ్గర ఆగి, "ఒంట్లో బావుంటోందా అండీ?" అన్నారు. గుణదలలో రోజూ తెల్లారేసరికి వాకింగ్ చేసే పక్క పరుపాయన టెస్టు మాట వినగానే నవ్వాడు. ఎందుకు నవ్వినట్టు? నిప్పు లేందే పొగ రాదు కదా.

సోమవారం లోపు ఉన్న ఆ నాలుగు రోజులూ మిగతావాళ్లు రాకముందే వచ్చి మా బావకి తర్ఫీదు ఇచ్చాను. స్టూలు మీద కూర్చోబెట్టి, "చేతులు గుండెకి ఆనించుకో. పాదాలు వెనక్కి లాక్కో. ముందుకి వంగి ఒక్క ఊపుతో లే" అనేవాణ్ణి.

"చచ్చిపోతాను బావా" అనేవాడు.

"చచ్చేదేదో మంగళవారం చద్దువుగాని, సోమవారానికి మాత్రం లే."

నా నోరు తగలెయ్య, అలా అన్నాను.

సోమవారం పొద్దున అతని ప్యాంటు లోపల మోకాళ్లకి బిగుతు పట్టీలు వేయించాను. ముందు తలా ఒక ఫారం ఇచ్చారు. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానని మా బావ తన ఫారం నాకిచ్చాడు. ప్రశ్నలు చదువుతూ నేనే నింపాను. గడిచిన ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా? లేదు. మెట్లెక్కితే ఇబ్బందిగా ఉంటుందా? లేదు. రోజూ నడుస్తారా? 'బందరు కాలవ గట్టున మూడు కిలోమీటర్లు' అని రాశాను. ఆ గట్టు మొహం చూసి అతనికి పదేళ్లయింది. సంతకం మాత్రం అతను పెట్టాడు.

లేవమన్న అయిదుసార్లూ లేచాడు, మహానుభావుడు. అయిదోసారికి చొక్కా వీపంతా తడిసిపోయింది. ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టి, "బాబాయ్ గారూ, ఏమన్నా ఇబ్బందుంటే చెప్పండి. నా దగ్గర దాచుకోకండి" అంది. ఆ మెత్తటి గొంతులోనే నాకు ఉచ్చు కనిపించింది. "ఇబ్బందేంటమ్మా, గుండ్రాయిలా ఉంటేనూ!" అని అతను నోరు తెరవకముందే అడ్డం వచ్చాను.

పది రోజులకి సంగతి తేలింది. సరిగ్గా లేవలేని ముగ్గురికీ కింది అంతస్తులో ఎత్తు కుర్చీలు వేశారు. గంటకోసారి లేచి నడవాలని, బేరం మధ్యలోనైనా పర్వాలేదని ఓనరు గారే చెప్పారు. పెద్ద ఓనరు గారు ఉంటే ఏమనేవారో! పొద్దున పావుగంట సేపు ఆ అమ్మాయి వాళ్ల చేత కాళ్లకి బలం వచ్చే కసరత్తులు చేయించేది. ఒక్కరినీ తీసెయ్యలేదు. కింద చోటు చాలక గట్టిగా ఉన్నవాళ్లని మాత్రం పైకి పంపారు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు మా బావ మూడో అంతస్తుకి వచ్చి పడ్డాడు, నాతోపాటు. లిఫ్టు సరుకు కోసమే. మనుషులు మెట్లెక్కాల్సిందే.

మూడో రోజు మెట్ల మలుపులో గోడకి ఆనుకుని ఆగిపోయాడు. "బావా, నిజం చెప్పేద్దాం. ఆ అమ్మాయి మంచిదిలాగే ఉంది" అన్నాడు.

అప్పుడైనా నా బుర్ర పనిచేసిందా? "ఇది ఎర బావా. ఇవాళ కుర్చీ వేస్తారు, రేపు ఇంటికి పొమ్మంటారు. రెండు నెలలు ఆగు, చూద్దాం" అన్నాను. నా మాట కాదనడం అతనికి అలవాటు లేదు. సరేనని మిగతా మెట్లు ఎక్కాడు.

రెండు నెలలు కూడా నిండలేదు. ఒక మధ్యాహ్నం భోజనానికి దిగుతూ అదే మలుపులో పడ్డాడు. నేను అతనికి ముందున్నాను. చప్పుడు విని వెనక్కి తిరిగేసరికి అంతా అయిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం కంకిపాడు వెళ్లేవాణ్ణి. ఆ అమ్మాయి కూడా వారం వారం వచ్చి అతన్ని వాకరుతో నడిపించేది. కేసు పెడతారని భయపడి ఓనరు గారు పంపిస్తున్నారేమోనని దానికీ అనుమానపడ్డాను. కుక్క తోక వంకర ఎక్కడికి పోతుంది?

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి అప్పుడే వెళ్లిందన్నారు. మా బావ మంచం మీద పడుకుని ఉన్నాడు. అతని భార్య నాకు కాఫీ ఇచ్చి, లోపలికి వెళ్లకుండా ఎదురుగా నిలబడింది.

"అన్నయ్యగారూ, ఇవాళ ఆ డాక్టరమ్మ ఫైలు చూపించిందండీ. టెస్టు రోజు ఇచ్చిన ఫారంలో ఈయన ఎప్పుడూ పడలేదని రాసుంది. అప్పటికి రెండుసార్లు పడ్డారు కదండీ. అలా ఎవరు రాశారో మీకేమన్నా తెలుసా?"

"నేనే రాశానని చెప్పాను కదే. ఎన్నిసార్లు అడుగుతావు?" అన్నాడు మా బావ మంచం మీంచి.

నేను ఆమె మొహంలోకి చూశాను. తెలిసి అడుగుతోందా, తెలియక అడుగుతోందా? ఏమీ తేలలేదు. "బావే రాసుంటాడు చెల్లెమ్మా. నేను చూడలేదు" అన్నాను.

"మా అమ్మాయి పెళ్లి శుభలేఖల మీద పేర్లన్నీ మీరే రాశారు అన్నయ్యగారూ. ఇక్కడే, ఈ అరుగు మీద కూర్చుని. మీ అక్షరం నాకు తెలియదా?"

గొంతు పెంచలేదు. అరిచి నాలుగు తిట్టినా బాగుండేది. "నేనేనమ్మా. చెప్పేద్దామని అతను అంటే కూడా నేనే వద్దన్నాను. ఉద్యోగం తీసేస్తారనుకున్నాను" అన్నాను.

"అడగ్గానే ఆ మాట అనుంటే సరిపోయేదండీ" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

మా బావ గోడవైపు తిరగబోయాడు. తుంటి తిరగనివ్వలేదు. అలాగే వెల్లకిలా ఉండి కళ్లు మూసుకున్నాడు.