దగ్గరుంటే చాలనుకున్న రిబ్కమ్మ

మా చర్చిలో రిబ్కమ్మంత భయస్తురాలు ఇంకొకరు లేరని అందరం నవ్వుకునేవాళ్ళం. నవ్వడానికి మాకేం, ఆమె కూతురు మా కడుపున పుట్టలేదు కదా. పత్తి సీజనులో రిబ్కమ్మకు జమ్మికుంట జిన్నింగ్ మిల్లులో పని, మిగతా రోజుల్లో ఏది దొరికితే అది. భర్త లారీ మీద తిరుగుతాడు. ఒక్కతే కూతురు బ్లెస్సీ, తొమ్మిదేళ్ళది. దానికి షుగరు జబ్బు. పెద్దవాళ్ళకొచ్చే రకం కాదు, రోజూ ఇన్సులిన్ పడాల్సిందే. ఇన్సులిన్ వేశాక తిండి కాస్త ఆలస్యమైతే షుగరు పడిపోయి పిల్ల సోలిపోతుంది. ఓసారి నిద్రలోనే అట్లా జరిగి ఫిట్స్ వచ్చాయి. అప్పట్నుంచి రిబ్కమ్మకు కంటి నిండా నిద్ర లేదు.

కరీంనగర్ డాక్టరమ్మ ఏదో ట్రస్టుతో మాట్లాడి బ్లెస్సీ చేతికి బిళ్ళలాంటి సెన్సరు పెట్టించింది. లోపల చిన్న బ్యాటరీ. కొన్ని నిమిషాలకోసారి షుగరు ఎంతుందో బ్లూటూత్‌లో ఫోనుకు పంపుతుంది. అంకె పడిపోతే ఫోను గోల పెడుతుంది.

"గంత చిన్న బ్యాటరీతోని దూరం పంపలేదమ్మా. ఫోను పిల్లకు దగ్గర్లనే ఉండాలె" అని డాక్టరమ్మ చెప్పింది.

ఇక రిబ్కమ్మకు లోకంలో ఉన్నవి రెండే: దగ్గర, దూరం. బడిలో ఫోను పంతులమ్మ బల్ల మీద ఉండేది, మిల్లులో ఉన్నా రిబ్కమ్మ ప్రాణం అక్కడే ఉండేది. ఇంట్లో స్నానం చేసినా తలుపు ఓరగా వేసుకుని చెవి అటే పెట్టేది. ఫోనూ గ్లూకోజు పొట్లమూ ఒకే గుడ్డసంచిలో వేసి, ఎక్కడికి పోయినా వెంట మోసుకొచ్చేది.

మా సంఘపెద్ద తోమాసుకు ఫోన్లంటే ఒళ్ళు మంట. వాక్యం మధ్యలో ఎవరిదో ఫోను సినిమా పాట అందుకుందని, తలుపు పక్కన బియ్యం పోసుకునే ఇనుప డ్రమ్ము పెట్టించాడు. అందరి ఫోన్లూ అందులో వేయించి, పైన దుప్పటి కప్పి, మూతకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంటాడు. పాస్టరయ్యకు కూడా మినహాయింపు లేదు.

ఆ ఆదివారం ప్రభు సంస్కారం, బాప్తిస్మం తీసుకున్న పెద్దవాళ్ళకు రొట్టే ద్రాక్షరసమూ పంచే రోజు.

"పెద్దయ్యా, గిది ముచ్చట్లకు కాదు, పిల్ల పానానికి" అంటూ రిబ్కమ్మ సంచిని గుండెకు అదుముకుంది.

"ఒక్కరికి ఇడిస్తే అందరడుగుతరు. దగ్గరుంటే సాలన్నవు గదా? పిల్లను డ్రమ్ము పక్కనే కూసోబెట్టు. మోగితే నేనే తాళం తీస్త" అన్నాడు తోమాసు.

ఆమెకూ సబబుగానే తోచింది. పిల్ల వీపు డ్రమ్ముకు ఆనేంత దగ్గర, ఇంతకంటే ఏం కావాలి? ఇనుప రేకు దాటి ఆ సన్నటి సంకేతం లోపలికి పోలేదని ఆమెకు ఎవరు చెప్పారు గనక. సంచిని అట్లాగే డ్రమ్ములో వేసేసింది. సెన్సరు అందడం లేదని ఫోను లోపల మొత్తుకునే ఉంటుంది. దుప్పటి కింద, బయట డోలక్ మోతలో, ఎవరికి వినబడుతుంది?

పాటలు సాగాయి, సాక్ష్యాలు సాగాయి, ప్రసంగం మరీ సాగింది. మా పాస్టరయ్యకు ఎత్తుకోవడమే తెలుసు, దించడం తెలియదు. బ్లెస్సీ బిస్కెట్లు తినే పొద్దు దాటింది, అవీ డ్రమ్ములోని సంచిలోనే ఉండిపోయాయి. రిబ్కమ్మ మాటిమాటికీ డ్రమ్ము వైపు చూసింది. చప్పుడు లేదంటే బాగున్నట్టే అని మనసుకు సర్దిచెప్పుకుంది. పిల్ల తల వాల్చింది. ప్రసంగంలో పిల్లలు నిద్రపోవడం మాకు మామూలే.

ప్రార్థనకు మోకరించినప్పుడు ఆమె చేయి పిల్ల మెడకు తగిలింది. చలికాలంలో మెడంతా చల్లటి చెమట.

"బ్లెస్సీ! బిడ్డా!"

పిల్ల కళ్ళు సగం తెరిచింది గానీ చూపు నిలవలేదు. గ్లూకోజు డ్రమ్ములో ఉంది, తాళంచెవి తోమాసు జేబులో ఉంది, తోమాసు ముందర ప్రభు బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. రిబ్కమ్మ పిల్లను ఎత్తుకుని మా అందరి మధ్య నుంచి ఉరికింది. తాళంచెవి కోసమే ఉరికింది. తీరా బల్ల చేరాక తెల్లగుడ్డ కింద ద్రాక్షరసం గ్లాసులు కనబడ్డాయి. గుడ్డ లాగేసింది.

"ఆగు రిబ్కమ్మా! దీవించిన రసం గది!" తోమాసు చేయి అడ్డం పెట్టాడు.

"నా బిడ్డ పోతది పెద్దయ్యా, జరుగు!"

సంఘపెద్ద చేతిని అట్లా తోసేసిన మనిషిని మేమెన్నడూ చూడలేదు. చిన్న గ్లాసు పిల్ల పెదాలకు ఆనించి కొద్దికొద్దిగా తాగించింది. సగం గౌను మీదే పోయింది. ఇంకో గ్లాసు, ఇంకోటి. ప్రార్థన చేయాలని కూడా ఎవరికీ తట్టలేదు.

చాలాసేపటికి బ్లెస్సీ చూపు నిలిచింది. చుట్టూ మమ్మల్ని చూసింది, ఖాళీ గ్లాసులు చూసింది, భయపడిపోయింది.

"అమ్మా, చిన్నపిల్లలు తాగొద్దు గదా గిది. నాకు పాపం తల్గుతదా?"

రిబ్కమ్మ పిల్లను గట్టిగా పట్టుకుని అప్పుడు ఏడ్చింది. తోమాసు వాళ్ళ పక్కనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇంకో గ్లాసు తీసి, తన చేత్తోనే పిల్ల నోటికి అందించాడు.

"నీకు తల్గదు బిడ్డా. తాగు."