కువైట్ పిన్ని క్యాసెట్టు

మొన్న అమలాపురం బస్టాండులో ఒక కుర్రాడి చొక్కా మీద పుర్రె బొమ్మ చూడగానే మా పిన్ని గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు కువైట్‌లో ఒకరింట్లో పనిచేసి వచ్చినప్పుడు, ఆ ఇంటి అబ్బాయి ఇచ్చిన హెవీ మెటల్ పాటల క్యాసెట్టు తెచ్చుకుంది. అట్ట మీద అలాంటి పుర్రే ఉండేది. టేప్‌రికార్డర్‌లో పెడితే గిటార్లు, డ్రమ్ములు హోరెత్తాయి. మధ్యలో ఎవరో గొంతు చించుకుంటున్నాడు.

“ఆయన్నెవరైనా కొట్టేస్తున్నారా పిన్నీ?” అన్నాను.

“లేదమ్మా, పాడుతున్నాడు. ఇది మోగుతుంటే ఎంత ఏడ్చినా పక్కగదిలోకి వినపడదు, తెలుసా?”

నాకది భలే వింతగా తోచింది. పిన్నిని పక్కగదిలో నిలబెట్టి, సౌండు పెంచి, గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చాను. పరుగెత్తుకెళ్లి “వినపడిందా?” అన్నాను.

“ఒక్క ముక్కా వినపళ్లేదమ్మా” అంది, నా జుట్టు సవరిస్తూ.

గెలిచినట్టు గంతులేశాను. ఆ సంగతి తనకెలా తెలిసిందో అడగాలని మాత్రం చాలా ఏళ్లదాకా తోచలేదు.